భారము పంచుట వేరు, భరోసా వేరు

ఒక బ్యాంకు శాఖ తన ప్రధాన కార్యాలయానికి లెక్కలు పంపవలెనన్నచో ఇంటర్నెట్ అనే బహిరంగ మార్గం మీద పంపవచ్చును. దారిలో పరులు చదువకుండా ఆ లెక్కలను గుప్తలిపిలోనికి మార్చి పంపే ఏర్పాటును వి.పి.ఎన్. అంటారు. ఈ పని చేసే యంత్రం పేరు గేట్‌వే. అది ఆగితే శాఖ వ్యవహారమంతా ఆగుతుంది. కనుక "రెండు గేట్‌వేలు పెట్టి భారం పంచండి, ఇక భయం లేదు" అనే సలహా తరచుగా వినబడుతుంది. ఈ సలహాలోని సత్యమెంతో తేల్చుకొనుటకు ఒక చిన్న పత్రం మనకు తోడ్పడుతుంది. ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ 2010 అక్టోబరులో వెలువరించిన ఆ పత్రం సంఖ్య ఆర్.ఎఫ్.సి. 6027. వ్రాసినవారు యోవ్ నీర్. ఐపీసెక్ పద్ధతిలో పనిచేసే గేట్‌వేలను గుంపుగా నిలిపినప్పుడు కలిగే చిక్కులు దీని విషయం.

పత్రానికి గల మొదటి గుణం మాటలను తూచి వాడుట. ఎడతెగని లభ్యత అనేది వ్యవస్థకుండే గుణం. యంత్రాలను గుంపుగా నిలుపుట ఆ గుణాన్ని సాధించే మార్గాలలో ఒకటి మాత్రమే. ఒక యంత్రం పనిచేస్తూ మరొకటి సిద్ధంగా నిలిచివుండుట ఒక పద్ధతి; పలు యంత్రాలు ఒకేసారి పనిచేయుట మరొక పద్ధతి. ఈ రెండవ దానిని రచయిత 'లోడ్ షేరింగ్' అన్నారు గాని, వాడుకలో వున్న 'లోడ్ బాలెన్సింగ్' అనలేదు. పంచినంత మాత్రాన భారం సమంగా పడుతుందని చెప్పలేము గదా! లక్ష్యాన్ని, సాధనాన్ని ఒకటిగా భావించే వ్యాపార ప్రకటనలు ఈ వివేకాన్ని నేర్చుకొనవలసి వున్నది.

రెండవ గుణం అసలు చిక్కును సూటిగా పట్టుకొనుట. ఐపీసెక్ గేట్‌వే తాను పంపే ప్రతి పొట్లానికి ఒక వరుస సంఖ్య వేస్తుంది. పాత పొట్లాన్ని శత్రువు దాచి, మరల పంపి మోసగించకుండా, అవతలి యంత్రం ఒకసారి వచ్చిన సంఖ్యను మరల అంగీకరించదు. బాగా వెనుకబడిన సంఖ్యలనూ త్రోసివేస్తుంది. ఒక గుమాస్తా 1,00,000వ రసీదు వరకు వ్రాసి హఠాత్తుగా సెలవు పెట్టినాడనుకొందాము. అతని స్థానంలో వచ్చినవాని వద్ద 90,000 వరకే లెక్క వున్నది. అతడు 90,001 నుండి వ్రాస్తే అవతలివారు అన్నింటినీ తిరస్కరిస్తారు. మోసాన్ని ఆపుటకు పెట్టిన కట్టుదిట్టమే ఇప్పుడు వ్యాపారాన్ని ఆపుతున్నది! ప్రతి పొట్లానికీ లెక్కను రెండవ యంత్రానికి చెప్పుదమా, దానికే కాలమంతా చెల్లుతుంది.

ఇంతకంటె ప్రమాదకరమైనది మరొకటి కలదు. కొన్ని గుప్తలిపి విధానాలలో ఒకే తాళపుచెవితో, ఒకే సంఖ్యతో రెండు వేర్వేరు సందేశాలను ఎన్నడూ మార్చరాదు. మార్చితే ఆ రెండింటిని పోల్చి శత్రువు రహస్యాన్ని రాబట్టగలడు. రెండు గేట్‌వేలు ఒకే తాళపుచెవిని పంచుకొని, ఎవరికి వారు సంఖ్యలు వేసుకొంటే ఈ ముప్పు తప్పదు. ఆగని వ్యవస్థను కోరి, రహస్యం నిలువని వ్యవస్థను తెచ్చుకొన్నట్లవుతుంది. పత్రం ఈ సంగతిని దాచక చెప్పుట మెచ్చదగినది.

ఇక లోపాలు. పత్రం సమస్యలను చెప్పి ఆగింది. సంఖ్యల చిక్కుకు విరుగుడు 2011 జూలైలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 6311లో వున్నది: క్రొత్తగా బాధ్యత వహించిన యంత్రం అవతలి దానికి కబురు చేసి లెక్కలు సరిచేసుకొంటుంది. అయితే రెండు వైపుల యంత్రాలకూ ఆ భాష తెలిసివుండవలెను. సమస్యలు చెప్పుటకే పూనుకొన్న పత్రాన్ని ఇందుకు నిందించుట న్యాయం కాదు. నా అసంతృప్తి వేరు: అందులో లెక్కలు లేవు.

ఆ లెక్క మనమే వేయవచ్చును. 100 గంటలలో 1 గంట ఆగే యంత్రం సంవత్సరంలోని 8,760 గంటలలో సుమారు 88 గంటలు ఆగుతుంది. ఒకదానితో మరొకదానికి సంబంధం లేకుండా చెడిపోయే యంత్రాలు రెండున్నచో, రెండూ ఒకేసారి ఆగే కాలం 10,000లో ఒక వంతు, అనగా సంవత్సరానికి సుమారు 53 నిమిషాలు. ఎంత లాభం! కాని ఇందులో రెండు షరతులున్నవి. మొదటిది: ఒక్కొక్క యంత్రం తన శక్తిలో 70 వంతులు మోస్తున్నచో, ఒకటి పడిపోగానే రెండవదాని మీద 140 వంతుల బరువు పడుతుంది. సగానికి మించి ఏదీ మోయరాదు. అనగా కొన్న శక్తిలో సగం ఖాళీగా వుంచుటే భరోసాకు మూల్యం. రెండవది: చెడుటకు కారణం ఒక్కటే కారాదు. 2008 జనవరి 30న మధ్యధరా సముద్రంలో రెండు వేర్వేరు కేబుళ్లు ఇంచుమించు ఒకేసారి దెబ్బతిని, భారతదేశం, ఈజిప్టు మొదలైన దేశాలలో ఇంటర్నెట్ మందగించింది. పేర్లు రెండైనా సముద్రమార్గం ఒకటే. రెండు కాలువలు త్రవ్వి, రెండింటికీ ఒకే తూము పెట్టిన రైతు పంటకు భరోసా ఎక్కడిది?

సంభావ్యతల గుణకార సూత్రాన్ని చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను తరగతిలో వాడుకొనవచ్చును. సూత్రం ముందుండే 'పరస్పర సంబంధం లేనిచో' అనే చిన్న షరతును విద్యార్థి మరచిపోతే మార్కులు పోతాయి. ఇంజనీరు మరచిపోతే బ్యాంకు ఆగుతుంది.