చింగ్‌మింగ్ చిత్రంలో వంతెన

ఎత్తు 25 సెంటీమీటర్లు కూడా లేని పట్టు చుట్ట. పొడవు మాత్రం 5 మీటర్ల పైచిలుకు. ‘చింగ్‌మింగ్ వేళ నది వెంట’ అనే ఈ చిత్రాన్ని 12వ శతాబ్దం తొలినాళ్లలో చైనా సాంగ్ రాజుల ఆస్థాన చిత్రకారుడు జాంగ్ జెదువాన్ గీశాడంటారు. ఇప్పుడది బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. కుడి నుంచి ఎడమకు విప్పుకుంటూ పోతే చెట్లు, పొలాలు, బరువు మోసే గాడిదలు దాటాక బియాన్ నది వస్తుంది. నది మీద వంతెన. అచ్చు ప్రతిలో ఎన్నిసార్లు చూసినా నా కళ్లు అక్కడి నుంచి కదలవు.

వంతెన కిందికి ఓ పెద్ద పడవ వస్తోంది. తెరచాప కొయ్య ఇంకా పూర్తిగా వాలలేదు. కొందరు దాన్ని దించే తొందరలో ఉన్నారు, కొందరు గెడలతో పడవను నిలవరిస్తున్నారు, పైనుంచి ఎవరో తాడు విసురుతున్నారు. వంతెన మీదేమో గుర్రమెక్కిన మనిషికి పల్లకి ఎదురొచ్చి దారి ఇరుకైంది. వేలెడు లేని మనుషులు, అయినా ఎవరు బరువు లాగుతున్నారో, ఎవరు ఊరికే చోద్యం చూస్తున్నారో నడుం వంపులోనే తెలిసిపోతుంది.

ఆ వంతెనకు నదిలో ఒక్క స్తంభం లేదు. ఉంటే పడవలు గుద్దుకుని పగిలేవి. అందుకని దుంగలను రెండు వరసలుగా, ఒకదాన్నొకటి పట్టి ఉంచేలా అల్లి, విల్లులా నిలిపారు. జాంగ్ దాని అడుగుభాగం కూడా చూపించాడు. బరువు ఎటు దిగుతుందో తెలియనివాడు దూలాలను అలా గీయలేడు.

రాజధాని కైఫెంగ్‌కు పడవలే ప్రాణం. దక్షిణాది బియ్యం ఈ నీటిదారినే వచ్చేది. ఆ రాజధాని నుంచి ఏలిన సాంగ్ వంశం మొదలైందిలా: 960లో సేనాని జావో క్వాంగ్‌యిన్‌ను అతని సైనికులే గద్దెనెక్కించారు. తనలా మరో సేనాని లేవకుండా అతను సేనానుల అధికారం కత్తిరించాడు. తర్వాతివాళ్లు పరీక్షలు నెగ్గిన పండితులతో పాలన నడిపారు.

ఈ పడవ ఆపదను కూలబోయే రాజ్యానికి సూచనగా చదివేవాళ్లున్నారు. నేనలా చూడలేను. ఆ పడవలో ప్రతివాడికీ తన పని తెలుసు. పని తప్పింది దర్బారులో. స్వయంగా గొప్ప చిత్రకారుడైన హ్వీజోంగ్ చక్రవర్తి, పొరుగు లియావో రాజ్యాన్ని కూల్చడానికి ఉత్తరాది జుర్చెన్ తెగలతో చేతులు కలిపాడు. 1127లో ఆ జుర్చెన్లే ఆయన్నీ, కొడుకు చిన్‌జోంగ్‌నీ బందీలుగా ఉత్తరానికి పట్టుకుపోయారు. హాంగ్‌జోకు తరలిన రాజ్యం 1279లో మంగోలుల చేతిలో ముగిసింది.

జాంగ్ గురించి మనకు తెలిసిందల్లా 1186లో, జుర్చెన్ల ఏలుబడిలో, జాంగ్ జూ అనే అతను చుట్టకు జతచేసిన నాలుగు మాటలే: పడవలు, బళ్లు, అంగళ్లు, వంతెనలు గీయడంలో దిట్ట అని. ఇక ఆ చిత్రంలోని తరహా అల్లిక వంతెనలు ఫుజియాన్, జెజియాంగ్ కొండల్లో ఉన్నాయి. వాటిని కట్టే విద్యను యునెస్కో 2009లో తక్షణం కాపాడుకోవలసిన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పని చేతికొచ్చిన వడ్రంగులు అక్కడ ఇంకా ఉన్నారు.