లెస్క్ పద్ధతి: ఒక విమర్శ

నానార్థ పదానికి సరైన అర్థం ఎంచడానికి మైఖేల్ లెస్క్ 1986లో సూచించిన పద్ధతి చాలా సులువైనది. నిఘంటువు ఆ పదానికిచ్చే ఒక్కొక్క వివరణను వాక్యంలోని పక్క పదాల వివరణలతో పోల్చాలి. ఎక్కువ మాటలు కలిసిన అర్థాన్నే తీసుకోవాలి.

ఇప్పుడు 'అన్నదమ్ములు పాలు పంచుకున్నారు' అన్న వాక్యాన్ని పరిశీలించండి. తాగే పాలా, ఆస్తిలో వాటాలా, లేక ఏదో పనిలో పాల్గొన్నారనా? మీ దగ్గరున్న నిఘంటువు తెరిచి పోల్చండి. ముందుగా 'పంచుకున్నారు' నుంచి 'పంచుకొను' రాబట్టాలి. 'పాలు' వివరణలో 'భాగం' అనీ, 'పంచుకొను' వివరణలో 'భాగాలు' అనీ ఉంటే కంప్యూటర్‌కు అవి వేర్వేరు మాటలే. ఇంగ్లీషులో చిన్నదైన ఈ పని తెలుగులో సగం శ్రమ. పైగా మూడో అర్థం 'పాలు' కింద కాక 'పాలుపంచుకొను' అనే ఆరోపం కింద దొరుకుతుంది.

ఇవి సరిదిద్దగల ఇబ్బందులే. అసలు లోపం వేరు. నిఘంటుకర్త మనిషి కోసం క్లుప్తంగా రాసిన మాటలను ఈ పద్ధతి లెక్కపెడుతుంది. నిఘంటువు మారితే ఫలితమూ మారుతుంది. (తన చిన్న నమూనాలపై ఖచ్చితత్వం 50-70 శాతమేనని లెస్క్ దాచకుండా చెప్పాడు.)

లోకజ్ఞానం లేనిదే యంత్రం కొన్ని అర్థాలు తేల్చలేదని బార్-హిల్లెల్ 1960లోనే వాదించాడు. ఆ వాదన ఇక్కడ సరిగ్గా తగులుతుంది. మన వాక్యానికి ముందు 'తండ్రి పోయాడు' అని ఉంటే మీకు వెంటనే వాటాలే తోస్తాయి. 'పోవు', 'వాటా' వివరణల్లో మాత్రం కలిసే మాట ఒక్కటీ కనబడదు.