కొండరాయిని చదివే విద్య

మార్కాపురం పలక మీద అఆలు దిద్దుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ పలక ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న సన్నటి బురద. బురద గట్టిపడి షేల్ అయింది. భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ ఆ షేల్ పలకరాయిగా మారింది. ఉలి అంచున ఆనించి సుత్తితో మెల్లగా తడితే రేకులు రేకులుగా విడివడుతుంది. ఆ రేకులు బురద పేరుకున్ననాటి పొరలేనని చాలామంది అనుకుంటారు. నిజానికి పక్కల నుంచి నొక్కుడు పడినప్పుడు రాతిలోని అభ్రకంలాంటి ఖనిజాలు దానికి లంబంగా ఒకే వరసలో సర్దుకుంటాయి. రాయి చీలేది ఆ వరస వెంబడే. అసలు పొరలు కొన్ని పలకల్లో ఆ చీలికకు ఏటవాలుగా, రంగు చారలుగా మిగిలిపోతాయి. కాబట్టి పలక చీలిన తీరును చూసి, ఒత్తిడి ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పవచ్చు.

రూపాంతర శిలలను చదవడం ఇలాగే మొదలవుతుంది. ఈ విద్యకు సుత్తి, భూతద్దం, ఓపిక ఉన్న కళ్లు ఉంటే చాలు. మిగతావన్నీ తర్వాత వచ్చి చేరినవే.

ఇటుక బట్టీలో మట్టి కరగకుండానే ఇటుక అయినట్టు ఈ రాళ్లు కూడా ఘనరూపంలో ఉండగానే మారతాయి. పూర్తిగా కరిగి చల్లారితే అది అగ్నిశిల. వేడి, ఒత్తిడి పెరిగేకొద్దీ పాత ఖనిజాలు నిలవలేక, వాటిలోని మూలకాలే కొత్త అమరికలో కొత్త ఖనిజాలవుతాయి. రాతి సందుల్లోని నీరు ఆ మార్పును వేగిరపరుస్తుంది. మాగ్మా వచ్చి ఆనుకున్న చోట చుట్టుపక్కల రాయి మాత్రమే మాడుతుంది. ఖండాలు ఢీకొని పర్వతాలు లేచిన చోట వందల కిలోమీటర్ల మేర రాళ్లన్నీ మారిపోతాయి. మన నేలలో చెప్పుకోవలసింది ఈ రెండోదే.

వర్గీకరణకు మొదట చూడవలసింది రాతిలో వరస ఉందా లేదా అని. బంకమట్టి రాళ్లు పలకరాయితో మొదలై, వేడి పెరిగేకొద్దీ పట్టులా మెరిసే ఫిల్లైట్‌గా, అభ్రకం రేకులు కంటికి ఆనే షిస్ట్‌గా, చివరికి తెలుపు నలుపు చారల నైస్‌గా మారతాయి. సున్నపురాయి పాలరాయి అవుతుంది. ఇసుకరాయి క్వార్ట్జైట్ అవుతుంది. ఈ రెండింటిలో వరస తరచుగా కనిపించదు. తిరుమల శిలాతోరణం క్వార్ట్జైటే. క్వార్ట్జైట్‌ను గుర్తించడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఇసుకరాయిని పగలగొడితే పగులు రేణువుల చుట్టూ తిరిగి పోతుంది, చేతికి గరుకు తగులుతుంది. క్వార్ట్జైట్‌లో రేణువులు ఒకదానిలో ఒకటి అతుక్కుపోయి ఉంటాయి గనుక పగులు వాటిని కోసుకుంటూ పోతుంది, ముఖం నునుపుగా మెరుస్తుంది.

పేరు పెట్టడంతో పని అయిపోదు. ఆ రాయి ఎంత లోతుకు వెళ్లింది, ఎంత వేడి చూసింది అన్నదే నాకు అసలైన ప్రశ్న. 1893లో జార్జ్ బారో స్కాట్లండ్ కొండల్లో దీనికి దారి చూపారు. ఒకే రకం రాళ్లలో చోటును బట్టి స్టారోలైట్, కయనైట్, సిల్లిమనైట్ ఒకదాని తర్వాత ఒకటి రావడం గమనించి, వాటి పట్టీలను మ్యాపు మీద గీశారు. తర్వాత ఫిన్లండ్‌కు చెందిన పెంటీ ఎస్కోలా ఒక్క ఖనిజాన్ని కాక, కలిసి ఉన్న ఖనిజాల గుంపునే ఆధారంగా తీసుకున్నారు. కయనైట్, సిల్లిమనైట్, ఆండలూసైట్ మూడింటి రసాయన సూత్రం ఒక్కటే. ఒత్తిడి తక్కువైతే ఆండలూసైట్, ఎక్కువైతే కయనైట్, వేడి బాగా పెరిగితే సిల్లిమనైట్. ఒక చిన్న స్ఫటికం పర్వతం పుట్టుకను చెప్పగలగడం ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపిస్తుంది.

ఇప్పుడు విశాఖ చుట్టూ ఉన్న కొండల్లోని ఖోండలైట్‌ను చూడండి. 1902లో టి.ఎల్. వాకర్ కలహండి ప్రాంతంలో దీన్ని వర్ణించి, అక్కడి ఖోండు గిరిజనుల పేరు పెట్టారు. తాజాగా పగిలిన ముక్కను ఎండలో తిప్పితే ఎర్రటి గార్నెట్ గింజలు, సన్నటి సూదుల్లాంటి సిల్లిమనైట్, అక్కడక్కడా నల్లటి గ్రాఫైట్ మెరుపు కనిపిస్తాయి. ఇంత అల్యూమినియం ఉన్న రాయికి మూలం బంకమట్టి. గ్రాఫైట్‌లో కొంతైనా ఆ మట్టిలోని జీవపదార్థం మిగిల్చిన కర్బనమే. ఆ మట్టి దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట పాతిక కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, తూర్పు కనుమల్లో కొన్నిచోట్ల తొమ్మిది వందల డిగ్రీలు దాటిన వేడి చూసి, మళ్లీ పైకి వచ్చింది. దాని పక్కనే నూనె రాసినట్టు నిగనిగలాడే ముదురు చార్నోకైట్ కనిపిస్తుంది. కోల్‌కతాలో జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని పరిశీలించి థామస్ హాలండ్ దానికి ఆ పేరు పెట్టినదీ 1893లోనే.

ఈ రాళ్లు మనకు చేసిన మేలు చిన్నది కాదు. కోణార్క సూర్యదేవాలయం ఖోండలైట్‌తో కట్టిందే. అయితే ఈ రాయి గాలికీ వానకీ తేలిగ్గా శిథిలమవుతుంది గనుక అక్కడి శిల్పాలు చాలావరకు అరిగిపోయాయి. అదే శిథిలం అరకు వైపు కొండల మీద బాక్సైట్ అయింది. భీమిలి తీరపు ఇసుకలోని గార్నెట్, సిల్లిమనైట్ ఈ కొండల నుంచి వాగులు మోసుకొచ్చినవే. బొర్రా గుహలు ఏర్పడింది కూడా ఈ మార్పుకు లోనైన సున్నపురాయిలోనే.

శిలాతోరణాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుకుంటున్నాం. అది మంచి పని. పేరులేని మామూలు కొండలు మాత్రం కంకర కోసం కరిగిపోతున్నాయి. కంకర అవసరమే, కాదనను. కానీ క్వారీలో ఒక్క ముఖాన్నయినా, గార్నెట్, సిల్లిమనైట్ బాగా కనిపించేదాన్ని, విద్యార్థుల కోసం వదిలిపెట్టమని స్థానిక అధికారులను అడుగుదాం. సైన్సు మాస్టార్లు పిల్లలకు ఓ భూతద్దం ఇచ్చి ఊరి పక్కనున్న గుట్ట దగ్గరికి తీసుకెళ్లాలని నా మనవి.