బందరు నుంచి రాసిన ఉత్తరాలు: హెన్రీ వాట్సన్ ఫాక్స్ జీవితచరిత్ర

మిషనరీ జీవితచరిత్రలకి ఒక టెంప్లేట్ ఉంది. భక్తిగల ఇల్లు, చదువుకునే రోజుల్లో పిలుపు, ఓడ ప్రయాణం, ఎండ, జ్వరం, చివరికి ప్రశాంతమైన మరణం. కృష్ణా జిల్లా చర్చిల్లో పెరిగినవాళ్ళకి ఈ వరస కొత్త కాదు. సండే స్కూల్లో విలియం కేరీ కథో హడ్సన్ టేలర్ కథో ఇలాగే విని ఉంటారు. 1850లో వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ జీవితచరిత్ర కూడా పైకి అలాంటిదే. రాసింది ఆయన సోదరుడు జార్జ్ టౌన్షెండ్ ఫాక్స్. ఆయనా పాదిరీయే. రాయడం అంటే చాలావరకు తమ్ముడి ఉత్తరాలూ డైరీలూ ఒకచోట కూర్చడం. ఈ పుస్తకాన్ని బతికించింది కూడా ఆ ఉత్తరాలే.

ఫాక్స్ 1817లో ఇంగ్లండులో డర్హమ్ ప్రాంతంలో పుట్టాడు. థామస్ ఆర్నల్డ్ హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో రగ్బీ స్కూల్లో, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ వాడమ్ కాలేజీలో చదివాడు. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్‌తో కలిసి 1841లో మద్రాసులో దిగి, అక్కణ్ణించి బందరు చేరాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు. 1848లో ముప్ఫై దాటీదాటగానే ఇంగ్లండులో చనిపోయాడు. ఆ ఏడేళ్ళలోనూ కొంతకాలం నీలగిరుల్లో ఒంట్లో బాగోక, ఇంకొంతకాలం ఇంగ్లండులో గడిచిపోయింది. బందరుకి దక్కింది నికరంగా ఎంత అని లెక్కేస్తే చాలా తక్కువ.

చదివేముందు కళ్ళముందున్న కృష్ణా డెల్టా బొమ్మని కాస్త పక్కన పెట్టుకోవాలి. కాలవలు, కొబ్బరిచెట్లు, ఏడాది పొడుగునా పచ్చదనం, ఇవేవీ అప్పటికి లేవు. బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టింది 1852, 1855 మధ్య. ఫాక్స్ చనిపోయాకే. అంతేకాదు, ఆయన దిగేనాటికి నందన కరువు వచ్చి ఎనిమిదేళ్ళే అయింది. గుంటూరు సీమని ఊడ్చేసిన కరువది. ఆయన పల్లకీలోంచి చూసిన ఊళ్ళు ఆ దెబ్బనుంచి ఇంకా లేస్తున్న ఊళ్ళు. ఇది తెలిసి చదివితే, పరలోకం గురించి చెప్తున్న ఈ కుర్రాడి ముందు నిలబడి వింటున్నవాళ్ళ మొహాలు వేరేగా కనిపిస్తాయి.

పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది రోజువారీ జీవితం. పొద్దున ప్రార్థన, మున్షీ దగ్గర తెలుగు పాఠం, ఎండ ముదిరాక ఇంట్లో, సాయంత్రం బయటికి. ఇందులో సాహసమేమీ లేదు. ఒక కాలేజీ కుర్రాడు పరాయి ఊళ్ళో, పరాయి భాషలో మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోవడం ఉంది. ఆన్‌సైట్‌కి వెళ్ళి మొదటి ఆరు నెలలూ మీటింగుల్లో నోరు మెదపలేక కూర్చున్నవాళ్ళకి ఈ పేజీలు బాగా అర్థమవుతాయి. ఒకటే తేడా. మనకి నోరు పెగలకపోతే అప్రైజల్ పోతుంది. ఆయన లెక్క ప్రకారం ఎదుటి మనిషి ఆత్మే పోతుంది. ఆ బరువు మోస్తూ అక్షరాలు దిద్దుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

అక్షరాలు వచ్చినా మాటలతో పేచీ తీరదు. 'పాపం' అనే మాటే తీసుకోండి. ఆయన తెచ్చిన సువార్త మొత్తం ఈ మాటమీద నిలబడాలి. తెలుగులో పాపం పక్కన పుణ్యం ఉంటుంది. ఒకటి తగ్గితే ఇంకొకటి పెంచుకోవచ్చు, గోదావరికో కాశీకో వెళ్ళి సర్దుబాటు చేసుకోవచ్చు. పైగా కాలికి ముల్లు గుచ్చుకున్నవాణ్ణి చూసి కూడా మనం 'అయ్యో పాపం' అంటాం. మనిషి సొంతంగా ఎప్పటికీ తీర్చుకోలేని బాకీ అనే అర్థాన్ని ఈ మాటలోకి ఎక్కించడం ఏడాదిలోనో రెండేళ్ళలోనో అయ్యే పని కాదు. మనవాళ్ళు వినడం లేదనీ, వాదిస్తున్నారనీ మిషనరీలు పదేపదే వాపోతారు. వాళ్ళు వినకపోవడమేం లేదు, ఆ మాటకి వాళ్ళకి తెలిసిన అర్థమే విన్నారని నాకనిపిస్తుంది.

ఇక విశ్వాసం సంగతి. ఫాక్స్ తనని తాను తిట్టుకునే చోట్ల నమ్మదగిన మనిషి. ప్రార్థనలో మనసు నిలవడం లేదనీ, ప్రేమ చల్లారిందనీ రాసుకుంటాడు. ఆ కాలపు ఇవాంజెలికల్ డైరీల్లో ఇదొక అలవాటే, నిజమే. కానీ 1845 తర్వాత ఆ మాటలకి వేరే బరువు వస్తుంది. జబ్బుపడిన భార్య ఎలిజబెత్‌ని ఇంగ్లండు తీసుకెళ్దామని బయల్దేరితే, ప్రయాణం మొదట్లోనే ఆమె చనిపోయింది. పిల్లల్ని ఇంగ్లండులో వదిలి ఆయన మళ్ళీ బందరు వచ్చాడు. దీన్ని త్యాగం అని సోదరుడు మురిసిపోతాడు. నాకు మింగుడుపడలేదు. తల్లిలేని పిల్లల్ని వదిలి సముద్రం దాటిన తండ్రి లోపల ఏం జరిగిందో చెప్పాల్సిన చోట మనకి దొరికేది దేవుని చిత్తం అనే జవాబు. అది ఫాక్స్ నిజంగా నమ్మిన జవాబే కావచ్చు. కానీ ఏ ఉత్తరం ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించింది ఇంకొకడు కాబట్టి, ఈ ప్రశాంతత ఎంతవరకు ఆయనదో, ఎంతవరకు ఎడిటింగుదో విడదీసి చూడలేం.

దీనికంటే పెద్ద లోటు ఇంకోటుంది. పుస్తకం మూసేశాక గుర్తుండిపోయే తెలుగు మనిషి ఒక్కరు కూడా నాకు మిగల్లేదు. మున్షీ ఉన్నాడు, బోయీలున్నారు, తిరునాళ్ళలో జనం ఉన్నారు. వాళ్ళంతా ఆయన చెప్పింది వినాల్సినవాళ్ళే. వాళ్ళు చెప్పింది ఆయన వినాల్సిన అవసరం ఈ పుస్తకానికి కనిపించలేదు. విగ్రహారాధన గురించి రాసేటప్పుడు ఆ గొంతులో వచ్చే ఈసడింపు ఇవాళ క్రైస్తవ పాఠకులకి కూడా ఇబ్బందిగానే ఉంటుంది. కాలం అలాంటిది అని సర్దిచెప్పడం తేలిక. మున్షీ కూడా ఆ కాలంవాడే కదా, ఆయన ఏమనుకున్నాడో మనకెవరూ చెప్పలేదు.

ఇద్దరు స్నేహితుల్లో నోబుల్ బందరులోనే కూర్చుని 1843లో స్కూలు పెట్టాడు. ఫాక్స్ ఊళ్ళు తిరిగాడు. పైకులాల కుర్రాళ్ళకి ఇంగ్లీషు చదువు చెప్తే విశ్వాసం పైనుంచి కిందికి దిగుతుందని నోబుల్ ఆశ. 1852లో ఆ స్కూల్లో మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం తీసుకుంటే పెద్ద గొడవే అయింది. మిగతా కుర్రాళ్ళు స్కూలు మానేశారు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళకుండా నోబుల్ 1865లో బందరులోనే పోయాడు. ఆ స్కూలు కాలేజీ అయ్యాక అక్కడ పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజం దారి పట్టారు. ఆయన దగ్గర చదివిన ముట్నూరి కృష్ణారావు జాతీయోద్యమంలోకి వెళ్ళారు. నోబుల్ వేసుకున్న లెక్కలో వీళ్ళెవరూ లేరు.

విశ్వాసం డెల్టాలోకి నిజంగా వచ్చిన దారి వేరు. నందిగామ వైపు రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద విగ్రహాల్ని వదిలేసి, ఉన్న దేవుడెవరో చెప్పేవాళ్ళకోసం తనే వెతుక్కుంటూ బెజవాడలో మిషనరీ డార్లింగ్ దగ్గరికి వచ్చాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక ఊళ్ళకి ఊళ్ళే కదిలాయి. ఫాక్స్ పోయి అప్పటికి పదకొండేళ్ళు. ఊరూరా తిరిగి జనాన్ని వెతికినవాడికి దొరకని మనిషి, తనంతట తనే నడిచొచ్చి తలుపు తట్టాడు. డెల్టా క్రైస్తవం చరిత్ర రాసేటప్పుడు మొదటి పేజీ దొరలకిచ్చి, వెంకయ్యకి ఒక పేరా కేటాయించే అలవాటు ఇకనైనా తిరగబడాలి.

అలాగని ఫాక్స్ పుస్తకం పారేయాల్సింది కాదు. ఫలితం కంటికి కనిపించని పనిని రోజూ పొద్దున్నే లేచి మళ్ళీ మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ఇంత దగ్గరగా చూపించే పుస్తకాలు మన ప్రాంతం గురించి ఎక్కువ లేవు. ఆయన జ్ఞాపకంగా రగ్బీ మిత్రులు డబ్బు పోగుచేసి 'రగ్బీ ఫాక్స్' మాస్టరు అని ఒక ఉద్యోగం ఏర్పాటు చేశారు. అది కూడా నోబుల్ స్కూలుకే వెళ్ళింది. ఊళ్ళు తిరిగినవాడి పేరుమీద తరగతి గదిలో ఒక కుర్చీ.

పాత ఇంగ్లీషు కాస్త ఓపికగా చదవాలి. అంత తీరిక లేనివాళ్ళు రగ్బీ, ఆక్స్‌ఫర్డ్ భాగాలు వదిలేసి సరాసరి 1841 నుంచి మొదలుపెట్టొచ్చు. సోదరుడి వ్యాఖ్యానం వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసినా నష్టం లేదు.