ఏడు తరాలు: పేర్లు లేని పద్దు

అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. మన పాఠకులు దాన్ని ఒక కుటుంబం కథగా ఆదరించారు. గాంబియాలో పట్టుబడి, 1767లో అమెరికా రేవులో దిగిన కుంటా కింటే తన మూలపురుషుడని హేలీ ప్రకటించాడు. ఆ వంశవృక్షం నిలవదని 1980లలో పరిశోధకులు రికార్డులు చూపించారు. మరొక నవలలోని భాగాలు వాడుకున్నాడన్న దావాలో హేలీ 1978లో రాజీపడ్డాడు. ఈ లోపాలను అభిమానంతో కప్పిపుచ్చనక్కరలేదు. ఊహను ఊహగానే చెప్పి ఉంటే నవల బలం తగ్గేది కాదు.

అయితే ఆ రికార్డులు ఎవరివని కూడా అడగాలి. అమెరికా 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు విడిగా పట్టికలు వేశారు. పేరు యజమానిది. దాని కింద బానిసల వయసు, ఆడా మగా, ఒంటిరంగు. వాళ్ల పేర్లు దాదాపు ఎక్కడా లేవు. విముక్తులందరినీ పేర్లతో లెక్కించబూనింది 1870లోనే. మనిషిని ఆస్తిగా రాసుకున్న వర్గమే అతని వంశాన్నీ చెరిపేసింది.

మా తాత అప్పు కింద ఒక ఆసామి దగ్గర జీతగాడు. నోటు మీద ఆయన పేరు చివర ‘గాడు’ అని ఉంది, పక్కన వేలిముద్ర. ముత్తాత పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆసామి ఇంటి పెళ్లిలో మాత్రం పురోహితుడు మూడు తరాల పేర్లు చదివేవాడు. అంతమాత్రాన రెండూ ఒకటే అనను. మా తాతను ఓడ ఎక్కించలేదు, సంతలో అమ్మలేదు. కాని ఆయన అప్పు మా నాన్నకు వారసత్వంగా వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది కూడా 1976లోనే.

నవలతో నా పేచీ మరొకటి. పూర్వీకుడు వీరుడైతేనే సంతతికి గౌరవమన్న భావం అందులో ఉంది. కులచరిత్రల్లో రాజుల కోసం వెతికే మనకు ఆ భావం సులభంగా అంటుకుంటుంది. ఆఫ్రికా మాట ఒక్కటైనా మిగలని కుటుంబాల మాటేమిటి? పేరు కూడా మిగలని మా ముత్తాత మాటేమిటి?

నా దృష్టిలో ఈ నవలకు ప్రాణం కుంటా కూతురు కిజ్జీ. దొంగచాటుగా నేర్చిన అక్షరాలతో, పారిపోయే ప్రియుడికి అనుమతి చీటీ రాసిచ్చి, ఆ నేరానికి తల్లిదండ్రుల నుంచి దూరంగా అమ్ముడుపోయింది. తండ్రి చెప్పిన మాటలను కొడుక్కి అందించింది ఆమే. మనం వెతకవలసింది రాజులను కాదు, ఆ పద్దులు రాసిన చేతులను.