రెండు గాలులకూ నిలిచే మాట

పోలింగ్ రోజు సాయంత్రం డెస్క్‌కి వచ్చే ఏజెన్సీ కాపీల్లో ‘బై అండ్ లార్జ్ పీస్‌ఫుల్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. దానికి తెలుగు హెడ్డింగు ఏనాడో కుదిరిపోయింది: ‘చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం’. ‘మొత్తంమీద ప్రశాంతం’ కంటే నాకు ఇదే నచ్చుతుంది. మినహాయింపు ఉందని ఒప్పుకుంటుంది కాబట్టి.

ఈ ఇంగ్లిషు మాట తెరచాప ఓడల కాలంలో, నావికుల నోట పుట్టింది. గాలి వెనకనుంచో, వెనక పక్కనుంచో తోస్తుంటే ఓడ ‘లార్జ్’గా పోతోందనేవారు. మన భాషలో గాలివాటంగా పోవడమన్నమాట. గాలి వచ్చే దిక్కుకి వీలైనంత దగ్గరగా మొగం తిప్పి నడిపితే అది ‘బై ద విండ్’. అసలు పనితనం అక్కడే తెలిసేది. అడ్డకొయ్యలకు చాపలు కట్టిన పెద్ద ఓడలు ఆ దిక్కుకి సుమారు 67 డిగ్రీల కంటే దగ్గరగా పోవడం కష్టం. చుక్కాని పట్టినవాడు కాస్త ఏమరితే గాలి ముందునుంచి చాపను కొట్టి ఓడను ఆపేసేది. నివ్వెరపోవడాన్ని చెప్పే ‘టేకెన్ అబ్యాక్’ కూడా ఆ ప్రమాదంలోంచి వచ్చిందే. గాలివాటుకి పరుగెత్తే ఓడలన్నీ ఎదురుగాలికి నిలిచేవి కావు. రెండు రకాలుగానూ బాగా నడిచేదే ‘బై అండ్ లార్జ్’ మంచి ఓడ. 1669లో వచ్చిన శామ్యూల్ స్టర్మీ నావిక గ్రంథంలో ఈ జంట మాట ఉంది.

ఇప్పుడు దాని అర్థం ‘చాలావరకు’, ‘స్థూలంగా’. పరిస్థితికీ అలవాటుకీ అభిప్రాయానికీ వాడతారు. అంకెల ముందు పెట్టరు, అక్కడ ‘సుమారు’ రావాలి. ‘ఎట్ లార్జ్’ వేరే సంగతి, పరారీలో ఉన్న నిందితుడిది.

నా బాధల్లా ఆ హెడ్డింగు కింద రాసే వార్త గురించి. ‘చెదురుమదురు’ అన్నాక ఆ ఘటనలేమిటో చాలాసార్లు రాయం. ఈవీఎం మొరాయించి ఉదయం ఏడింటినుంచి క్యూలో నిలబడి, ఓటు వేయకుండానే కూలికి వెళ్లిపోయినవాళ్ల ఊరికి ఆ రోజంతా అదే ఘటన. వాళ్లని వదిలేసి రాసిన ‘చాలావరకు’ గాలివాటంగా రాసిందే.

డెస్క్‌లో కొత్తగా చేరిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మనవి. హెడ్డింగు అలాగే ఉంచండి. మొదటి పేరాలోనే ఆ ఊళ్ల పేర్లూ, బూత్ నంబర్లూ రాయండి.