తవ్విన తర్వాతి వారం

శివరాత్రి దగ్గరపడితే దిల్‌సుఖ్‌నగర్ తోపుడుబండ్ల మీద, సరూర్‌నగర్ రైతుబజార్‌లో గెనుసుగడ్డలు కుప్పలుపడతాయి. ఎల్బీనగర్‌లో మా వీధి చివరి ఇంటి వదిన మాత్రం కొనదు, మిద్దె మీద పండిస్తుంది. ఇటువైపు మిద్దెతోటలు కొత్తేమీ కాదు. ఉప్పల్ దాటాక నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డి తన ఇంటి మీదే తోట పెంచి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసి ఎందరినో ఈ దారి పట్టించారు. వదిన తోటలో కూరగాయలన్నీ బాగుంటాయి. కానీ ఆమె పనితనం తెలియాలంటే గెనుసుగడ్డ దగ్గరే చూడాలి.

బతుకమ్మ పండుగ రోజుల్లో తీగ కొసలను జానెడుకు కాస్త ఎక్కువ పొడవున కోసి, ఒకరోజు నీడలో ఉంచుతుంది. మడిలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు ఉంటాయి. ఎరువు తక్కువే, ఎందుకంటే నత్రజని ఎక్కువైతే తీగ మిద్దెంతా పాకుతుంది, అడుగున గడ్డ ఉండదు. మట్టిని బోదెగా కట్టి, తీగ ముక్కను అడ్డంగా పడుకోబెట్టి, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండేలా కప్పుతుంది. గడ్డకట్టే వేళ్ళు పుట్టేది ఆ కణుపుల దగ్గరే. ఆలుగడ్డ మట్టిలో ఉబ్బిన కాండం, గెనుసుగడ్డ ఉబ్బిన వేరు. ఏ వేరు గడ్డ అవుతుంది, ఏది పెన్సిల్ లావున నారగా మిగులుతుంది అన్నది చాలావరకు మొదటి నెలలోనే తేలిపోతుంది. మట్టి గట్టిపడినా, నీళ్ళు నిలిచినా వేరుకు గాలి ఆడక నారగానే ఉండిపోతుంది. అందుకే ఆ నెలంతా ఆమె వేలు మట్టిలోకి దించి చూశాకే నీళ్ళు పోస్తుంది.

తర్వాత అప్పుడప్పుడూ తీగలను ఎత్తి తిప్పి వేస్తుంది. లేకపోతే అవి పాకిన చోటల్లా వేళ్ళూని బలమంతా చెదిరిపోతుంది. మట్టి పగుళ్ళివ్వగానే పూడుస్తుంది. గడ్డను తొలిచే ముక్కుపురుగు కిందికి దిగేది ఆ పగుళ్ళలోంచే. ఇంత తేలికైన కాపలా ఉండగా మందు డబ్బా కోసం పరుగెత్తడం నాకు అర్థం కాదు.

సంక్రాంతి వెళ్ళాక ఆకులు పసుపు తిరుగుతాయి. ఒక గడ్డ తీసి అడ్డంగా కోస్తుంది. కోసిన ముఖం తెల్లగా ఆరితే పంట పక్వానికి వచ్చినట్టు, ముదురు ఆకుపచ్చగా మారితే ఇంకా ఆగాలి. తవ్వడానికి వారం ముందు నీళ్ళు ఆపుతుంది, తీగ కోసేస్తుంది. తవ్వేది చేతులతోనే, మొదలుకు దూరంగా మొదలుపెట్టి. తాజా గడ్డ తోలు పసిబిడ్డ చర్మంలా పలుచన, గోరు తగిలినా లేచిపోతుంది. మట్టి కడగదు, దులుపుతుంది అంతే. దెబ్బ తగిలినవి ఆ రోజే కూరకు పోతాయి.

"తవ్వంగనే తింటే తీపేడ ఉంటది? వారమన్న ఆగాలె" అంటుంది.

ఆ వారంలో ఆమె చేసే పనిని వ్యవసాయ శాస్త్రం క్యూరింగ్ అంటుంది. సుమారు 29, 30 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం గాలితేమ, నాలుగు నుంచి ఏడు రోజులు. ఈ స్థితిలో గీతపడ్డ చోట సుబెరిన్ అనే బెరడులాంటి పదార్థం చేరి, దాని కింద కొత్త తోలు కడుతుంది. కుళ్ళు తెచ్చే శిలీంధ్రాలకు ఇక దారి ఉండదు. పిండిలో కొంత చక్కెరగా మారడం కూడా మొదలవుతుంది. అమెరికా రైతులు దీనికోసం హీటర్లతో ప్రత్యేక గదులు కడతారు. మన జనవరి చివర మధ్యాహ్నం ఆ వేడి ఊరికే వస్తుంది. లేనిది తేమ, కాచుకోవాల్సింది రాత్రి చలి.

వదిన మిద్దె మీది రేకుల గదిలో గోనెసంచి పరిచి, గడ్డలను ఒకదానికొకటి తగలకుండా పేరుస్తుంది. మూల ఒక బక్కెట్ నీళ్ళు, దండెం మీద తడిపి పిండిన గోనెలు. తడి గోనె గడ్డను తాకకూడదు, గాలిని మాత్రమే తడపాలి. గడ్డ మీద చెమట పడితే తలుపు కాసేపు ఓరగా తీస్తుంది. సాయంత్రం కిటికీ మూసి, గడ్డల మీద పొడి దుప్పటి కప్పుతుంది. ఏ కొలత పరికరమూ లేకుండా వేడినీ తేమనూ ఆమె అరచేత్తో పోల్చుకోవడం చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది. వారం గడిచాక బొటనవేలితో తోలు రుద్దుతుంది. లేవకపోతే పని అయినట్టు.

ఆ తర్వాత వెదురుబుట్టలో, గాలి తగిలే నీడన ఉంటాయి. ఫ్రిజ్‌లో ఎన్నడూ పెట్టదు. 12 డిగ్రీల కన్నా చల్లబడితే లోపల గట్టిపడి, ఉడికించినా మెత్తబడవు.

వండడంలోనూ అదే నిదానం. కుక్కర్ విజిళ్ళు కాదు, మూతపెట్టిన గిన్నెలో సన్నమంట. దాదాపు 60 నుంచి 75 డిగ్రీల మధ్య గడ్డలోని ఎంజైమ్ పిండిని మాల్టోస్ చక్కెరగా మారుస్తుంది. ఎసరు ఆ వేడిని గబగబా దాటేస్తే ఆ తీపి అంతగా రాదు. శివరాత్రికి ఆమె పంచే గడ్డలకు బెల్లం అక్కర్లేదు. ఇక తవ్వే ముందు కోసిన తీగల్లో పురుగు లేనివి రెండు మూడు ఏరి నీడనున్న కుండీలో నాటుతుంది, ఎండాకాలమంతా రెండు పూటలా తడుపుతుంది. వచ్చే బతుకమ్మకు నారు అవే.